రైతు వివరాలు: ఎవరికి ఎంత బాధ్యత



మామూలుగా నేను ఇక్కడ కూర్చున్నప్పుడు పత్తిలో గులాబి రంగు పురుగు గురించో, వరి నారుమడిలో జింకు లోపం గురించో, యూరియా ఏ దశలో ఎంత వేయాలన్నదాన్ని గురించో చెబుతూ ఉంటాను. ఈ దినం చెప్పబోయేది చేలో మొలిచే సంగతి కాదు. మీ పేరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు, వేలిముద్ర, వీటి సంగతి. ఇవి ఎవరెవరి వద్ద ఉన్నాయి, ఉన్నవాళ్లు వాటిని ఎంతవరకు వాడుకోవచ్చు, పొరపాటు జరిగితే జవాబు చెప్పవలసినవారు ఎవరు అన్న విషయాలు ఇప్పుడు చట్టానికెక్కినాయి. ఆ చట్టం పెద్ద పెద్ద కంపెనీల కొరకే అని చాలామంది అనుకుంటున్నారు. నేను కూడా అట్లే అనుకున్నాను. ఆ తలంపు ఎట్లా పోయిందో ముందు చెప్పి తరువాత చట్టంలోకి వస్తాను.

2024 యాసంగిలో జరిగిన మాట. ఒక పథకం క్రింద డబ్బు పడవలసిన రైతులలో కొందరి ఈ-కేవైసీ పూర్తి కాలేదు. నా క్లస్టరులో అటువంటివారు నూటికి పైగా ఉన్నారు. గడువు దగ్గర పడింది. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి చెప్పే సమయం లేదు. నేనేం చేశాను? కంప్యూటరులో ఉన్న పట్టికను ఉన్నది ఉన్నట్లుగా మా ఊళ్ల రైతుల వాట్సాప్ గ్రూపులలో పెట్టాను. అందులో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు, ఖాతా నంబరు, అన్నీ ఉన్నాయి. "ఈ జాబితాలో పేరున్నవారు వెంటనే రైతు వేదికకు రావలెను" అని క్రింద వ్రాశాను. పని బాగా జరిగింది. మూడు రోజులలో దాదాపు అందరూ వచ్చారు. నాకు సంతోషమయింది కూడా.

తరువాత రెండు వారాలకు ఒక పెద్దమ్మ వచ్చింది. భర్త లేడు, ఎకరంన్నర చెలక, పత్తి వేస్తుంది. వచ్చి కుర్చీలో కూర్చోలేదు, గడప దగ్గరే కూలబడింది. "సారూ, ఫోన్ల నా పేరు జెప్పిండు, మా ఊరు జెప్పిండు, నా మొగని పేరు జెప్పిండు, బ్యాంకు నంబరు సుత జెప్పిండు. పైసలు పడాల్నంటే ఫోనుకు వచ్చిన నంబరు జెప్పుమన్నడు. ఇన్ని దెలిసినోడు సర్కారోడు గాక ఇంకెవడైతడు అనుకున్న" అన్నది. ఆమె ఖాతాలో నుంచి 18,400 రూపాయలు పోయినాయి. అవి పత్తి అమ్మిన డబ్బు.

అప్పటికే మూడు రోజులు గడిచినాయి. ఫిర్యాదు చేయించాను గాని ఒక్క రూపాయి తిరిగి రాలేదు. ఆ మోసగాడికి నా జాబితా నుంచే వివరాలు పోయినాయనడానికి ఋజువు లేదు. పోలేదని చెప్పడానికీ నాకు నోరు లేదు. ఆ గ్రూపులలో రైతులే కాదు, మందుల ఏజెంట్లు, ట్రాక్టరు ఫైనాన్సువాళ్లు, ఎవరు చేర్చారో తెలియని నంబర్లు కూడా ఉన్నాయని తరువాత చూసుకున్నాను. ఓటీపీ చెప్పడం ఆమె పొరపాటే. అయితే ఆ పొరపాటు చేయడానికి కావలసిన నమ్మకాన్ని ఆ దొంగకు సమకూర్చింది ఆ వివరాలే కదా!

ఇక చట్టం సంగతి. మన వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన మాట అది. ఆ దావా వేసినది కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న పుట్టస్వామిగారు. ఆ తరువాత జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ, ముసాయిదాలు, వెనక్కి తీసుకోవడాలు, మళ్లీ వ్రాయడాలు అయి, చివరకు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. ఫిర్యాదులు వినే బోర్డుకు సంబంధించిన భాగాలు అప్పుడే అమలులోకి వచ్చాయి. సంస్థలు పాటించవలసిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే నెల లెక్క. విత్తనానికి ముందు దుక్కి ఉన్నట్లు, ఈ గడువు తయారు కావడానికి ఇచ్చినది.

చట్టంలో మూడు పాత్రలున్నాయి. వాటిని గోదాము లెక్కన చెబితే తేలికగా పట్టుబడుతుంది. వడ్లు తెచ్చి గోదాములో పెట్టిన రైతు ఉన్నాడు. గోదాము యజమాని ఉన్నాడు. యజమాని చెప్పినట్లు బస్తాలు మోసే హమాలీ ఉన్నాడు. వివరాలు ఎవరివో ఆ మనిషిని చట్టం డేటా ప్రిన్సిపల్ అంటుంది. మనం హక్కుదారు అందాం. ఆ వివరాలు ఎందుకు తీసుకోవాలి, ఎట్లా వాడాలి అని నిర్ణయించేవారిని డేటా ఫిడ్యూషియరీ అంటుంది, మనకు బాధ్యుడు. ఆ బాధ్యుని తరఫున కంప్యూటరు పని చేసిపెట్టేవారు డేటా ప్రాసెసర్, అంటే మన హమాలీ. హమాలీ బస్తాను వానలో వదిలేస్తే రైతుకు జవాబు చెప్పవలసింది ఎవరు? గోదాము యజమానే. "నేను వేరేవాళ్లకు అప్పజెప్పాను, వాళ్లతో కాగితం వ్రాసుకున్నాను" అంటే చెల్లదు. చట్టం ఈ మాట సూటిగానే చెప్పింది.

హక్కుదారు ఎప్పుడూ ఒక మనిషే. కంపెనీకి ఈ హక్కు లేదు. బాధ్యుడు మాత్రం ఎవరైనా కావచ్చు: ఒక వ్యక్తి, హిందూ అవిభక్త కుటుంబం, కంపెనీ, భాగస్వామ్య సంస్థ, సంఘం, చివరకు ప్రభుత్వం కూడా. ఇన్ని కోట్ల వ్యాపారం ఉంటేనే అన్న హద్దు చట్టంలో లేదు. కొన్ని చిన్న సంస్థలకు, కొత్తగా పెట్టిన కంపెనీలకు కొన్ని నిబంధనల నుంచి సడలింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. కాని సడలింపు ఇస్తూ ప్రకటన వెలువడాలి, మనంతట మనం తీసుకునేది కాదు.

ఇంకొక ముచ్చట. ఈ చట్టం హక్కుదారును మొదటి నుంచి చివరి వరకు "ఆమె" అనే వ్రాసింది. మగవాళ్లకు కూడా ఆ మాటే వర్తిస్తుంది. మన చట్టాలలో ఇట్లా వ్రాయడం కొత్త. దాన్ని చదివినప్పుడల్లా నాకు గడప దగ్గర కూర్చున్న ఆ పెద్దమ్మే గుర్తుకొస్తుంది.

అయితే మరి ఫోనులో పది నంబర్లు పెట్టుకున్న ప్రతివాడూ బాధ్యుడేనా? కాదు. సొంత పనికి, ఇంటి పనికి ఒక వ్యక్తి వాడుకునే వివరాలకు ఈ చట్టం వర్తించదు. మీ వియ్యంకుని నంబరు, అన్నదమ్ముల ఖాతా నంబర్లు, కూతురి పెండ్లికి పిలవవలసినవారి జాబితా, ఇవి మీ ఇంటి సంగతులు. నిశ్చింతగా ఉంచుకోండి. అట్లాగే కాగితం మీద మాత్రమే ఉన్నదానికి కూడా ఇది వర్తించదు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కాగితంగా ఉన్నంతవరకు చట్టం బయటే. దాన్నే ఫోటో తీసి కంప్యూటరులోకి ఎక్కించిన మరుక్షణం లోపలికి వస్తుంది. ఇక తానే స్వయంగా నలుగురికీ చాటుకున్నది గాని, చట్టప్రకారం బహిరంగపరచవలసినది గాని కూడా దీని క్రిందికి రాదు. మామిడిపండ్లు అమ్ముతానని మీ నంబరును మీరే వీడియోలో చెప్పారనుకోండి, ఎవరో ఫోను చేశారని ఈ చట్టం క్రింద ఫిర్యాదు చేయలేరు.

హద్దు ఎక్కడ ఉందో తెలియాలంటే మన ఊరి మనుషులనే చూద్దాం. పత్తి ఏరడానికి కూలీలను తీసుకొచ్చే మేస్త్రీ ఉంటాడు. నలభైమంది ఆడవాళ్ల ఫోను నంబర్లు, కూలి వేయడానికి ఖాతా నంబర్లు అతని ఫోనులో ఉంటాయి. ఇది ఇంటి పని కాదు, అతని బ్రతుకుతెరువు. కనుక అతడు బాధ్యుడే. కూలి ఇవ్వడానికి ఆ నంబర్లు వాడుకోవచ్చు. వాటినే అప్పులిచ్చే ఏజెంటుకు అందజేసి కమీషను తీసుకుంటే చట్టం దాటినట్లే. ఎరువుల దుకాణంలో రశీదు ఫోనుకు పంపమని మీరు నంబరు ఇచ్చారు. రశీదు పంపడం సరే. అదే నంబరును విత్తన కంపెనీవారికి ఇచ్చి, రోజుకు నాలుగు ఫోన్లు వచ్చేట్లు చేయడం వేరే పని. దానికి మీరు ఒప్పుకోలేదు.

మూడవ మనిషి మీరే. ఔను, రైతే! మా క్లస్టరులో ఒక యువరైతు కూరగాయలు పండించి హైదరాబాదులో అరవై ఇండ్లకు నేరుగా పంపుతున్నాడు. వాళ్ల చిరునామాలు, నంబర్లు, ఎవరు ఏ రోజు ఇంట్లో ఉండరో కూడా అతని ఫోనులో ఉంది. తాను బాధ్యుడనని చెబితే అతడు నవ్వాడు. "సార్, నాకు ఉన్నది రెండెకరాలు" అన్నాడు. ఎకరాలతో పని లేదు, ఆ అరవై ఇండ్ల తాళాల సంగతి నీ ఫోనులో ఉంది కదా అన్నాను. నవ్వు ఆపి, ఆ సాయంత్రమే ఫోనుకు లాకు పెట్టుకున్నాడు. డెలివరీ కుర్రవానికి మొత్తం జాబితా పంపడం మానేసి, ఆనాటి ఇండ్ల చిరునామాలు మాత్రం పంపుతున్నాడు.

ఇప్పుడు సమ్మతి గురించి. వివరాలు తీసుకునేవారు ముందు ఒక నోటీసు ఇవ్వాలి. ఏ వివరాలు, దేనికొరకు, వద్దనుకుంటే ఎట్లా వెనక్కి తీసుకోవాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలి అన్నది అందులో ఉండాలి. దాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో ఉన్న 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది కనుక "తెలుగులో చూపండి" అని అడగడం మీ హక్కు. మా వైపు తండాలలో మాట్లాడే లంబాడీ భాష, ఆదిలాబాదు గోండుల భాష ఆ షెడ్యూలులో లేవు. అక్కడ పనిచేసే మాబోటివాళ్లం నోటితో చెప్పి అర్థం చేయించవలసిందే. చట్టం చెప్పలేదు గదా అని తప్పుకుంటే పని కాదు.

సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఫలానా పనికి అని తెలిసి ఇచ్చినదై ఉండాలి. పైగా ఆ పనికి ఎంత అవసరమో అంతవరకే అది చెల్లుతుంది. ఇది చాలా విలువైన మాట, కాస్త నిలిచి వినండి. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోను ద్వారా వైద్యం చెప్పే ఒక యాప్, వైద్యం కొరకు వివరాలు అడుగుతూ, ఫోనులో ఉన్న నంబర్లన్నీ చూడడానికి కూడా అనుమతి అడిగింది. ఆ మనిషి రెండింటికీ సరేనన్నది. అయినా వైద్యానికి ఆ నంబర్లతో పని లేదు కనుక ఆ రెండవ సమ్మతి లెక్కలోకి రాదు. దీన్నే మన పొలానికి తెచ్చుకోండి. వాన ఎప్పుడు పడుతుందో చెప్పే యాప్‌కు మీ ఊరు ఎక్కడో తెలియాలి, నిజమే. మీ ఫోటోలతో, మీ బంధువుల నంబర్లతో దానికి ఏం పని? ఆ యాప్ విదేశంలో తయారైనా సరే, ఇక్కడివారికి సేవలు అందిస్తున్నప్పుడు ఈ చట్టం దానికీ వర్తిస్తుంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలికగా ఉండాలి. ఒక వేలితో ఒప్పించుకొని, వద్దనడానికి జిల్లా కేంద్రానికి దరఖాస్తు పెట్టుమనకూడదు.

అన్నింటికీ సమ్మతి కావాలా అంటే అక్కరలేదు. సబ్సిడీ, పెన్షను, సర్టిఫికెట్టు, లైసెన్సు వంటివి ఇవ్వడానికి ప్రభుత్వం, నియమాలలో చెప్పిన పద్ధతిన, మీ వివరాలు వాడుకోవచ్చు. యూరియా బస్తాకు మిషను మీద వేలిముద్ర వేస్తున్నారు కదా, అది సబ్సిడీ లెక్క కొరకు. ఒక పథకానికి ఇచ్చిన వివరాలతో మరొక పథకానికి మీరు అర్హులా కాదా అని కూడా చూడవచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రివారు, వరదలు వచ్చినప్పుడు సహాయానికి వచ్చేవారు, పనిలో పెట్టుకున్నప్పుడు యజమాని, వీళ్లకూ తగినంతవరకు వీలుంది. బ్యాంకు అప్పు గడువులో కట్టనివారి ఆస్తిపాస్తుల వివరాలు తెలుసుకోవడానికి కూడా వేరే వెసులుబాటు ఉంది. కనుక ఈ చట్టం వచ్చింది, బ్యాంకువాళ్లు నన్ను అడగకూడదు అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దేశభద్రత, శాంతిభద్రతల పేరిట కొన్ని ప్రభుత్వ సంస్థలను కేంద్రం పూర్తిగా మినహాయించవచ్చు కూడా. ఈ మినహాయింపు మరీ వెడల్పుగా ఉందని విమర్శించినవారు చాలామంది ఉన్నారు.

కాని సమ్మతి అక్కరలేదంటే జాగ్రత్త అక్కరలేదని అర్థం కాదు. సబ్సిడీ కొరకు తీసుకున్న పట్టికను కూడా భద్రంగా ఉంచవలసిందే. నా తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. నేను జీతగాణ్ణి, చట్టం దృష్టిలో బాధ్యత నన్ను నియమించినవారిది. అయినా ఫోను మీద నొక్కిన వేలు నాది. పైగా 2024లో ఈ చట్టం బాధ్యతలు అమలులో లేకపోయినా, ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రకటించకూడదని 2016 నాటి ఆధార్ చట్టంలోనే ఉంది. అది కూడా నాకు అప్పుడు తెలియదు. మా డిప్లొమా చదువులో నేల గురించి, పురుగుల గురించి చెప్పారు గాని, మనుషుల పట్టికల గురించి ఎవరూ చెప్పలేదు.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలవారు, సహకార సంఘాలవారు ఈ భాగం ప్రత్యేకంగా వినవలెను. మూడు వందలమంది సభ్యుల పాసుబుక్కుల నకళ్లు, ఆధార్ నకళ్లు, ఫోటోలు మీ కంప్యూటరులో ఉన్నాయి. లెక్కలు వ్రాసే కుర్రవాడు వాటిని తన పెన్‌డ్రైవులో ఇంటికి తీసుకుపోతాడు. పాస్‌వర్డు గోడ మీద క్యాలెండరుకు పెన్సిలుతో వ్రాసి ఉంటుంది. నేను కళ్లారా చూశాను కనుక చెబుతున్నాను. ఆ కుర్రవాడు మన హమాలీ. బాధ్యులు మీ డైరెక్టర్లందరూ కూర్చున్న ఆ సంఘం. మొదట చేయవలసిన పని, అక్కరలేనివి తీసివేయడం. విత్తనాల ఇండెంటుకు ఎకరాలు కావాలి గాని ఆధార్ నకలు ఎందుకు? రెండవది, ఎవరు ఏది చూడవచ్చో నిర్ణయించడం. అమ్మకాల గుమాస్తాకు సభ్యుల బ్యాంకు ఖాతాలతో పని లేదు. మూడవది, పని తీరిన తరువాత ఉంచుకోకపోవడం. సంఘం నుంచి తప్పుకున్న సభ్యుని కాగితాలలో, వేరే చట్టం ఉంచుమన్నవి తప్ప మిగిలినవి తుడిచివేయాలి. ఆధార్ నకలు తప్పనిసరి అయినచోట, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే మాస్కు ఆధార్ తీసుకోవచ్చు. నష్టం లేదు.

అయినా వివరాలు బయటపడినాయి అనుకోండి. దాచకూడదు. ఎవరి వివరాలు పోయినాయో వారందరికీ ఆలస్యం లేకుండా చెప్పాలి, బోర్డుకూ తెలియజేయాలి. బోర్డుకు పూర్తి వివరం పంపడానికి 72 గంటల గడువు. ఈ చెప్పడం అన్నది నాకు చట్టమంతటిలో అన్నిటికంటే అవసరమైన భాగంగా తోస్తుంది. నా జాబితా గ్రూపులో పడ్డ మర్నాడే "మీ ఖాతా నంబర్లు పదిమంది చూశారు, ఎవరైనా ఫోను చేసి అవి చెబితే నమ్మవద్దు" అని ఒక్క మాట నేను చెప్పి ఉంటే, ఆ పెద్దమ్మ ఆ ఫోను పెట్టేసి ఉండేదేమో.

ఇక మీకున్న హక్కులు. సమ్మతితో ఇచ్చిన వివరాల విషయంలో, నా గురించి మీ దగ్గర ఏమున్నది, దాన్ని ఎవరికి ఇచ్చారు అని అడగవచ్చు. తప్పుంటే దిద్దించవచ్చు, అక్కర తీరితే తుడిపించవచ్చు. తప్పు దిద్దించడం ఎంత అవసరమో మీకు చెప్పనక్కరలేదు; పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి ఎంతమందికి డబ్బు ఆగిపోలేదు! మనం పోయిన తరువాత ఈ హక్కులను వాడుకోవడానికి ఒక మనిషిని నామినీగా కూడా పెట్టుకోవచ్చు. రైతు బీమాకు నామినీ వ్రాయించినవారికి ఇది కొత్త కాదు. 18 ఏండ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి నిజమైనదేనని సరిచూసుకోవాలి. పిల్లలను వెంటాడి వ్యాపార ప్రకటనలు చూపకూడదు.

ఫిర్యాదు చేయవలసి వస్తే ముందు ఆ సంస్థకే చేయాలి. వారికి నియమాలు ఇచ్చిన గరిష్ఠ గడువు 90 రోజులు. అక్కడ తేలకపోతే బోర్డుకు పోవచ్చు. బోర్డు జరిమానాలు పెద్దవే. భద్రత చూడనివారికి 250 కోట్ల రూపాయల వరకు, బయటపడిన సంగతి దాచినవారికి 200 కోట్ల వరకు. ఇది పై హద్దు మాత్రమే. మేస్త్రీకి, చిన్న సంఘానికి 250 కోట్లు వేస్తారని కంగారుపడవద్దు. తప్పు ఎంతటిది, ఎంతకాలం సాగింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు అన్నవన్నీ చూసే వేయాలి. మనకూ ఒక హద్దు ఉంది. వేరొకరి పేరు పెట్టుకొని వివరాలు ఇచ్చినా, కక్షతో దొంగ ఫిర్యాదు చేసినా 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఆ కోట్ల జరిమానాలో వివరాలు పోగొట్టుకున్న మనిషికి ఎంత వస్తుందని మీరు అడుగుతారు. ఏమీ రాదు. అది భారత సంచిత నిధికి పోతుంది. ఇదివరకు ఐటీ చట్టంలో 43ఎ అని ఒక సెక్షను ఉండేది, దాని క్రింద నష్టపరిహారం అడిగే వీలుండేది. కొత్త చట్టం పూర్తిగా అమలైతే ఆ సెక్షను తొలగిపోతుంది. నా మట్టుకు నాకు ఇది సమంజసంగా కనపడదు. 18,400 పోయిన మనిషికి 18,400 రావాలి గాని, ఎవరికో జరిమానా పడిందని కబురు వస్తే ఏం లాభం?

అందువల్ల డబ్బు పోయినప్పుడు బోర్డు వైపు చూడవద్దు. అదే గంటలో 1930కి ఫోను చేయండి. అది సైబరు మోసాల సహాయ నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఏదో ఒక ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తరువాత బ్యాంకుకు చెప్పండి. వేలిముద్రతో డబ్బు తీసే మోసాలు కూడా ఉన్నాయి కనుక, వేలిముద్రతో పని లేని రోజులలో ఆధార్ బయోమెట్రిక్కుకు తాళం వేసుకోవచ్చు. యూరియా తెచ్చుకునే రోజున తీసుకోవచ్చు. దీన్ని గూర్చి 1947 నంబరులో అడగండి.

ఒక అనుమానం చాలామందికి వస్తుంది. జాబితాలు చూపకపోతే దొంగ పేర్లు ఎట్లా బయటపడతాయి? న్యాయమైన ప్రశ్న. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత వివరాలకు సంబంధించిన మినహాయింపును కూడా ఈ చట్టం ద్వారా మార్చారు, 2025 నవంబరు నుంచి అది అమలులో ఉంది. దీనివల్ల అక్రమాలు దాచిపెడతారేమోనని అనేకులు అభ్యంతరం చెప్పారు. ప్రజాప్రయోజనం ఎక్కువ ఉన్నచోట వివరం ఇవ్వవచ్చునన్న వేరే నిబంధన మాత్రం ఆ చట్టంలో ఇంకా ఉంది. నా అనుభవంలో, ఊళ్లో ఎవరికి ఎంత వచ్చిందో తెలియడానికి పేరు, మొత్తం చాలు. ఆధార్ నంబరు, ఖాతా నంబరు చూసి దొంగ పేరు పట్టుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మా రైతు వేదికలో ఇప్పుడు గోడకు అంటించే జాబితాలో పేరు, ఊరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు ఉంటాయి. వివరాలున్న పట్టిక గ్రూపులలో పెట్టడం లేదు. పేరున్నవారికి విడిగా కబురు పంపుతాను, ఫోను లేనివారికి ఊరి పెద్దలతో చెప్పిస్తాను. మూడు రోజుల పని ఇప్పుడు తొమ్మిది రోజులు పడుతున్నది. పై నుంచి "ఇంకా కాలేదా" అని అడుగుతూనే ఉంటారు. ఆ పెద్దమ్మ పోయిన వానాకాలం పంట నమోదుకు వచ్చింది. పాసుబుక్కు నా చేతికివ్వకుండా తన చేతిలోనే పట్టుకొని, పేజీ తిప్పి చూపించింది. "రాసుకో సారూ, నేను పట్టుకుంట" అన్నది. సర్వే నంబరు, విస్తీర్ణం వ్రాసుకున్నాను. ఫోటో తీయలేదు.

వచ్చే ప్రసంగంలో యాసంగి మొక్కజొన్నలో కత్తెర పురుగు గురించి చెప్పుకుందాం.